బొమ్మ వెనక ఉప్పు

ఆ రోజు పొద్దు గుంకేలోగా తాతారావు ఇంట్లో చేయవలసిన పనులు ఇవి. గోడల మీది బొమ్మలన్నీ దించాలి. చట్రాలకు తుప్పుపట్టిన మేకులుంటే ఊడదీయాలి. ప్రతి బొమ్మ వెనకవైపూ పేరుకున్న సముద్రపు ఉప్పును మెత్తని పొడిగుడ్డతో తుడవాలి. యంత్రం ముందు నిలబెట్టి పరీక్షించాలి. అసలువాటికి ముద్ర వేసి తెల్ల బండిలోకి, నకిలీవాటిని ఎర్ర బండిలోకి ఎక్కించాలి. చివరగా ఇంటికి తాళం వేసి, తాళంచెవిని సముద్రపు గోడ కాపలావాళ్లకు అప్పగించాలి. మర్నాడు గోడ తలుపులు మూసేస్తారు. ఆ పైన విశాఖలో ఆ వీధి సముద్రానిది.

అది 2094. తెల్ల బండి వెళ్లేది కొండ లోపల తొలిచిన చిత్రకోశానికి. ఎర్ర బండి వెళ్లేది రంగులు కరిగించే కర్మాగారానికి. నకిలీ అని తేలిన బొమ్మను ఇంట్లో ఉంచుకోవడానికి కూడా చట్టం ఒప్పుకోదు.

తేల్చే యంత్రాన్ని తయారుచేసింది డాక్టర్ మజ్జి వినోదిని. ఆ ఇంటి పనికి ఆమే స్వయంగా వచ్చింది.

బొమ్మలను అచ్చుగుద్దినట్టు తిరిగి గీసే ప్రతిలేఖిని యంత్రాలు వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. రంగు వయసు, పగుళ్లు, మూలల్లో దుమ్ము, అన్నీ అవి దింపేసేవి. ఏది అసలో కంటికి తెలిసేది కాదు. వాటికి చేతకానిది ఒక్కటేనని వినోదిని కనిపెట్టింది. అవి సందేహించవు. మనిషి గీసేటప్పుడు ఎక్కడో కుంచె ఆగుతుంది. ఒక గీత పక్కకు జరుగుతుంది. వేసిన రంగు గీకేసి మళ్లీ వేస్తాడు. టెరాహెర్ట్జ్ కిరణాలతో రంగు పొరల లోపలికి చూసి, ఆ తడబాట్లను లెక్కపెట్టే స్కానర్‌కు ఆమె సంశయమాపకం అని పేరు పెట్టింది. తడబాటు ఉంటే మనిషి. లేకపోతే యంత్రం.

తాతారావు ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. పాత ఇళ్లు కూలగొట్టే చోటల్లా తిరిగి, ఇరవయ్యో శతాబ్దం నడిమి కాలపు బొమ్మలు ఏరుకొచ్చి ఇల్లంతా నింపాడు. ఒకటి అరకు లోయ నీటిరంగుల్లో. ఒకటి చదరాలు చదరాలుగా విరిచి అతికినట్టున్న గిత్త. ఒకదాంట్లో ఎరుపూ నలుపూ మరకలే తప్ప ఇంకేం లేవు.

"ఇదేమిటండీ?" అని అడిగింది వినోదిని.

"నాకూ తెలీదమ్మా. తెలీకే కొన్నాను. రోజూ సూస్తే ఎప్పటికైనా తెలుస్తాదని. ఇప్పుడు మీరు అట్టుకుపోతున్నారు."

మరకల బొమ్మ నిండా తడబాట్లే. దానికి ముద్ర పడింది. గిత్తకూ పడింది. వరసగా అన్నీ తెల్ల బండి ఎక్కాక చివరిది మిగిలింది. లాంతరు చిమ్నీ తుడుస్తున్న అమ్మాయి. చిమ్నీ గాజులోంచి ఆమె వేళ్లు కొంచెం వంకరగా, కొంచెం పెద్దవిగా కనిపిస్తున్నాయి. మూలన సంతకం: కాంతారత్నం, 1959.

"సంశయ బిందువులు సున్నా. ఫలితం: నకిలీ," అంది యంత్రం.

తాతారావు కుర్చీలోంచి లేచాడు. "ఇది నా ఇంటికొచ్చిన మొదటి బొమ్మ. దీన్ని సూశాకే మిగతావి కొన్నాను. సరిగ్గా సూడమ్మా."

వినోదిని మళ్లీ పెట్టింది. మళ్లీ సున్నా.

"ఇంత పని చేస్తూ చెయ్యి ఒక్కచోట కూడా ఆగలేదండీ. మనిషికి సాధ్యం కాదు."

"నేను ఓడలమీంచి పెట్టెలు ఎత్తినన్నాళ్లూ నా చెయ్యీ ఆగలేదు. నన్ను కూడా ఎర్ర బండి ఎక్కించేయండి."

"నేర్చుకునేటప్పుడు ఆగి ఉంటుంది కదా?"

"అది ఇసక బస్తాల మీద. వేరే యార్డులో. ఓడ దగ్గర ఆగితే ఉజ్జోగం ఉంటాదేటి?"

వినోదిని ఎర్ర చీటీ తీసింది గానీ అంటించలేదు.

ఆమె పునరావాస కాలనీ బడిలో చదువుకుంది. ఇంట్లో బడి మెట్టెక్కిన మొదటి మనిషి. ఆ బడిలో నలుగురికి ఒకే పలకతెర. వంతు వచ్చినప్పుడు తప్పు రాస్తే వరస చివరికి పోవాలి. అందుకని ఆమె ముందుగా చెంబులో వేలు ముంచి సిమెంటు గచ్చు మీద రాసుకునేది. ఆరిపోతే మళ్లీ రాసేది. తెర దగ్గరికి వచ్చేసరికి ఒక్క దిద్దుబాటు ఉండేది కాదు. ఒకరోజు పంతులుగారు ఆమె జవాబు చూసి, "ఎవరిది చూసి రాశావు?" అన్నారు. చూసి రాయలేదని నిరూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. గచ్చు అప్పటికే ఆరిపోయింది.

వినోదిని బొమ్మను తిప్పింది. బజారులో దొరికే కాన్వాసు కాదది. మందపాటి గాడా నూలుబట్టను చట్రానికి బిగించి, ముందువైపు జిగురు పూసుకున్నారు. వెనకంతా ఉప్పు తెల్లగా పొరకట్టి ఉంది.

"దీని వెనక తుడవలేదేం?"

"బట్ట బాగా పాతదమ్మా. గట్టిగా రుద్దితే సిరుగుతాదని ఊరుకున్నాను. తప్పయితే ఇప్పుడు తుడుస్తాను."

"ముట్టుకోకండి," అని ఆమె యంత్రాన్ని వెనకవైపుకు జరిపింది.

"వెనకవైపు శుభ్రం కాలేదు. నిబంధన ప్రకారం ముందు ఉప్పు తుడవాలి," అంది యంత్రం.

"తుడవను. ఉప్పునే చదువు."

"ఉప్పు మలినం. చదవవలసిన అంశం కాదు."

"ఆ నిబంధన రాసింది నేనే. నేనే మారుస్తున్నాను. సముద్రపు గాలి వల్ల పట్టిన ఉప్పు అంతటా ఒకేలా ఉంటుంది. దాన్ని పక్కన పెట్టు. బావినీళ్లు ఆరితే మిగిలే ఉప్పు వేరు. అది నూలు లోపల గీతలుగా ఉందేమో చూడు."

యంత్రం మళ్లీ చదివింది. తరవాత తెర మీద సన్నటి తెల్లగీతలు తేలాయి. ఒక భుజం. ఆ భుజం పక్కనే కాస్త దించి మరో భుజం. దాని మీద మూడోది. చిమ్నీ దగ్గర గీతలు ఒకదాని మీద ఒకటి పడి మేఘంలా ముద్దకట్టాయి. జిగురు పూయకముందే, రంగు డబ్బా మూత తీయకముందే, కాంతారత్నం వట్టి నీళ్లతో ఆ బట్ట మీద ఆ బొమ్మను గీసుకుంది. ఆరిపోతే మళ్లీ గీసుకుంది. చేతికి వచ్చేదాకా గీసి, అప్పుడు బట్టను తిప్పి బిగించుకుని రంగు ముట్టుకుంది.

"సంశయ బిందువులు లెక్కకు అందడం లేదు," అంది యంత్రం. "ముందువైపు సున్నా. ఏ ఫలితం రాయాలి?"

"మనిషి అని రాయి."

తాతారావు తెర దగ్గరికి వంగి చిమ్నీ చోటునే చూస్తున్నాడు. "ఈ గాజు ఎంత ఏడిపించిందో పాపం," అన్నాడు.

వినోదిని తన యంత్రం వైపు చూసింది. దానికి తడబాటు నేర్పడానికి మొదట్లో ఆమె తెచ్చిన నమూనా బొమ్మలన్నీ పెద్ద ఇళ్లవీ, పేరున్న కళాశాలలవీ. రంగు పాడైతే ఇంకో గొట్టం విప్పేవాళ్లు, బట్ట చెడితే ఇంకోటి తెప్పించేవాళ్లు గీసినవి. మనిషితనాన్ని కొలుస్తున్నాననుకుని ఆమె ఇన్నాళ్లూ కొలిచింది తప్పు చేయగల స్తోమతను. అది లేకుండా పుట్టి, గచ్చు మీద నీళ్లతో దిద్దుకున్న పిల్లే ఆ కొలతను తయారుచేసింది.

"మరి ఇంతకుముందు మీరు వెనక తుడిపించినవి?" అని అడిగాడు తాతారావు.

వినోదిని ఎర్ర చీటీని చింపేసింది. "కరిగించినవి పోయాయండీ. ఇంకా కరిగించనివి కర్మాగారం గోదాములో చాలా ఉన్నాయి. పైది తుడిచినా నూలు లోపల ఉప్పు మిగిలే ఉంటుంది. ఒక్కొక్కటీ తిప్పి చూస్తాను."

"ఒక్కదానివే?"

"మీరు వస్తే ఇద్దరం."

"కొండమీద నాకిచ్చిన గదిలో గోడలు ఖాళీ. కూకుని ఏం సూడాలి? వస్తాను." చట్రాన్ని తనే ఎత్తుకుని తెల్ల బండి దాకా మోశాడు. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు.

చేయవలసిన పనుల వరసలో వినోదిని ఒకటి కొట్టేసింది: వెనకవైపు తుడవడం. ఎర్ర బండి డ్రైవరును పిలిచి ఖాళీగా గోదాముకు పదమంది. ఆమె, తాతారావు అందులోనే ఎక్కారు.

ఆ బొమ్మ ఇప్పుడు చిత్రకోశంలో గోడకు ఆనించకుండా గది మధ్యలో వేలాడుతోంది. జనం ముందు నిలబడి ఎంత తేలిగ్గా గీసిందో అనుకుని వెళ్లిపోతుంటారు. గీసినామె ఎవరో, ఏ పని చేసి బతికిందో, ఇంకేమైనా గీసిందో లేదో తెలియదు. మీరు ఎప్పుడైనా అటు వెళితే ఒక్క క్షణం చుట్టూ తిరిగి బొమ్మ వెనకవైపుకు రండి. అక్కడ ఆమె ఇంకా నీళ్లతో దిద్దుకుంటూనే ఉంటుంది. రంగు ఒక్కసారికే సరిపడా ఉన్న మనిషి. పేరు కాంతారత్నం. దయచేసి గుర్తుపెట్టుకోండి.