కనిపెట్టినవారు: ఉయెన్

ఉయెన్ ఐస్ కాఫీలో చెంచా తిప్పుతుండగా మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. వెనక కూర్చున్నవాడు హెల్మెట్ తీయలేదు. రెండు తూటాలు పేలాయి. సైగాన్ ట్రాఫిక్‌లో ఆ చప్పుడుకు తల తిప్పి చూసినవాళ్ళు కూడా తక్కువే.

మర్నాడు దర్జీ కొట్టు పై గదిలో ఏడో అన్నయ్య ఉయెన్ ఫోటోను తన ఏజెంటు ద్యెప్ ముందు పెట్టాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు పెద్ద అయినా ఆయన అందరికీ ఏడో అన్నయ్యే.

"ఈ అమ్మాయి కెర్నెల్‌లో ఒక రంధ్రం కనిపెట్టిందమ్మా. కంప్యూటర్‌కి గుండెకాయ లాంటిది కదా కెర్నెల్, అందులో నెట్‌ మీద బయటినుంచి వచ్చే సమాచారపు ప్యాకెట్లు అందుకునే చోట. వాడేసిన మెమరీని ఖాళీ చేసి వదిలేస్తున్నారు. కోడ్‌లో ఇంకో మూల మాత్రం అది ఇంకా తనదే అనుకుంటోంది. ఇల్లు ఖాళీ చేసినవాడి దగ్గర తాళంచెవి ఉండిపోయినట్టు. మధ్యలో ఎవడైనా దూరి తన సామాను పెట్టుకున్నాడనుకో, పాతవాడు వచ్చి తనదేననుకుని వాడేస్తాడు. అంతే, కంప్యూటర్ మొత్తం ఆ దూరినవాడి చేతిలోకి పోతుంది."

"దూరేది ఎవరు?"

"తూనీగ ముఠా. ఇవాళ దీపాలు పెట్టే వేళకి ఒక్క ప్యాకెట్ పంపి ఊరి కరెంటు తీసేస్తారు. ఆస్పత్రులతో సహా."

"ఉయెన్ ఎవరికి చెప్పింది?"

"ఒక్కడికే." ఏడో అన్నయ్య ఆమె ముఖం చూడలేదు. "లామ్‌కి."

ద్యెప్ చేతులు ఒళ్ళోకి తీసుకుంది. ఈ కింది కొట్లోనే తన పెళ్ళి బట్టలు కుట్టించుకుంది. అవి తయారైన వారంలో లామ్ తూనీగ ముఠా నాయకురాలు వెరోనాతో వెళ్ళిపోయాడు. రెండేళ్ళవుతోంది.

"వాడు మన మనిషేనమ్మా. ముఠాలో పెట్టింది నేనే."

"నాకెందుకు చెప్పలేదన్నయ్యా?"

"చెబితే నువ్వు ఏడ్చేదానివి కాదు. నువ్వు ఏడిస్తేనే వాళ్ళు నమ్మేది."

కింద కుట్టుమిషన్ గడగడలాడి ఆగింది.

"కొన్నాళ్ళుగా ఉలుకూ పలుకూ లేదు వాడి దగ్గర్నుంచి. నిజంగానే అమ్ముడుపోయాడేమో చూసి రా." బల్ల మీదుగా ఒక పెన్ను జరిపాడు. "అమ్ముడుపోయి ఉంటే ఇది. మూత తిప్పితే విషపు సూది. నొప్పి తెలీదు."

సాయంత్రం ద్యెప్ తాటాకు టోపీ, ముఖానికి గుడ్డ మాస్కు, మెడలో లాటరీ టికెట్ల అట్టతో కాలవ ఒడ్డున కాఫీ కొట్టు చేరింది. పెన్ను అట్టకే గుచ్చి ఉంది. లామ్ పట్టుచొక్కాలో, బంగారు గడియారంతో, చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద ఒక్కడే కూర్చున్నాడు. రోడ్డవతల నల్ల కారు. సగం దించిన అద్దంలోంచి వెరోనా లాప్‌టాప్ వెలుగు కనిపిస్తోంది.

"లాటరీ సారూ, రేపటి డ్రా! వానొచ్చేలా ఉంది, గొడుగు తెచ్చుకోలేదా?"

అతను తల ఎత్తలేదు. మాస్కు ఉన్నా గొంతు పోల్చుకున్నాడు. "హ్యూ ఊళ్ళో మర్చిపోయా."

కోడ్ సరిపోయింది. అమ్ముడుపోయినవాడికీ ఆ కోడ్ గుర్తుంటుంది. ఆమె వేళ్ళు పెన్ను మీదకు వెళ్ళాయి.

అప్పుడే చెవిలో దాచిన ఇయర్‌ఫోన్‌లో ఏడో అన్నయ్య గొంతు. "ద్యెప్! కెర్నెల్ రాసేవాళ్ళ బహిరంగ మెయిల్ జాబితాలోకి ఇప్పుడే ఒక ప్యాచ్, అదే దిద్దుబాటు, వచ్చింది. పంపినవాడి పేరు దొంగపేరు. పైకి 'చిన్న శుభ్రత' అని పేరు పెట్టాడు. సరిగ్గా ఆ రంధ్రం దగ్గరే అతుకు. చివర్లో 'కనిపెట్టినవారు: ఉయెన్' అని ఉంది. ఇది మందో విషమో తేల్చడానికి టైం లేదు. కరెంటు ఆఫీసులో ఎక్కించమంటావా? విషమైతే మన చేత్తో మనమే దీపాలు ఆర్పుకున్నట్టు."

ద్యెప్ టికెట్లు సర్దుతున్నట్టు లామ్ వైపు వంగింది. "నీకు పిచ్చా? ఆ పేరెందుకు రాశావ్? వాళ్ళూ ఆ జాబితా చదువుతారు!"

"కనిపెట్టింది తనే కదా." ఒక టికెట్ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "పేరు రాయకుండా ఎలా పంపుతారు? కోడ్ రాసే మాలో అది పద్ధతి. పైగా ముఠావాళ్ళు నా ఫోన్ దొంగచాటుగా వినే తనని చంపారు."

"లే. నాతో రా."

"నేను లేచిన మరుక్షణం కారులో ఆవిడ అనుమానపడి బటన్ నొక్కేస్తుంది. ప్యాచ్ ఎక్కేదాకా ఇక్కడే కూర్చోవాలి."

"ఆ తర్వాత?"

లామ్ డబ్బు ఆమె అరచేతిలో పెట్టాడు. వేళ్ళు ఒక్క క్షణం ఎక్కువ ఆగాయి. "చిక్కిపోయావ్," అన్నాడు. "వెళ్ళు. లాటరీ అమ్మేది ఒకడి దగ్గరే ఇంతసేపు నిలబడదు."

ద్యెప్ నడిచింది. "ఎక్కించండన్నయ్యా," అంది. "అది విషం కాదు. పూచీ నాది." అడుగడుగునా ఎవరో ఒకరు పిలిచి టికెట్ అడుగుతుంటే ఆగి అమ్మింది. అమ్మకపోతే వెరోనా కనిపెట్టేస్తుంది.

"సగం... ముప్పావు..." చెవిలో గొంతు. ఎదురుగా కారులో వెరోనా చెయ్యి కదిలింది.

"ఎక్కింది!"

వెరోనా నొక్కింది. వీధిదీపాలు ఒక్కసారి మిణుకుమన్నాయి. ఆ మూలనుంచి ఈ మూలదాకా అన్నీ నిలబడి వెలిగాయి. కాఫీ కొట్టామె రేడియో గొంతు పెంచింది. వెరోనా మళ్ళీ నొక్కింది. తర్వాత స్క్రీన్ మీదకు వంగి, ఆ ప్యాచ్‌నే కాబోలు, చివరి పేరు దాకా చదివి లామ్ వైపు తల తిప్పింది.

ద్యెప్ పరుగెత్తింది. టికెట్లు రోడ్డంతా ఎగిరాయి. కారులోంచి పేలిన తూటా చప్పుడు పెద్దగా రాలేదు. కారు మలుపు తిరగకముందే ఏడో అన్నయ్య మనుషులు అడ్డుపడి వెరోనాను పట్టుకున్నారు. అయినా ద్యెప్ చేరేసరికి లామ్ స్టూలు పక్కకు ఒరిగి ఉంది. ఆమె అతని తల ఒళ్ళోకి తీసుకుని ఏడ్చింది. ఈసారి ఆ ఏడుపుతో ఎవరినీ నమ్మించే పని లేదు.

దహనం అయిన మర్నాడు ఏడో అన్నయ్య ఫోన్ పట్టుకొచ్చాడు. ఎక్కడో మంచు దేశంలో కెర్నెల్ నెట్‌వర్క్ భాగాన్ని చూసుకునే పెద్దమనిషి, జరిగిందేమీ తెలియక, ఆ దొంగపేరుకు జవాబు రాశాడు: "ప్యాచ్ తీసుకున్నాను. కానీ వివరణ ఏదీ? ఇంత పెద్ద తప్పును సరిచేస్తూ రెండు ముక్కలు రాసి పోతే ఎలా?"

"ఏం రాయమంటావమ్మా?"

ద్యెప్ ఫోన్ అందుకుని ఆ జవాబు మళ్ళీ చదివింది.

"అతనెప్పుడూ అంతేనని రాయండి," అంది. "ముఖ్యమైనదేదీ సరిగ్గా చెప్పి వెళ్ళే అలవాటు లేదు."