రెండులో మూడు

సైరన్ మోగుతోంది. ఇంకో పది నిమిషాల్లో కర్ఫ్యూ.

యెషయా పరుగెడుతున్నాడు...

సికింద్రాబాద్ స్టేషన్ వెనక గల్లీ. వాన. వెనక బూట్ల చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది!

కాంపౌండర్ పర్వతాలు పంపిన మనుషులేనా?

పోలీస్ యాక్షన్ అయి నెల కూడా కాలేదు. ఊరంతా ఊపిరి పీల్చుకుంటోంది. యెషయాకే ఊపిరి ఆడటం లేదు.

ఆగస్టులో అతని అన్న దేవానందాన్ని బోయిన్‌పల్లిలో కాల్చి చంపాడు కాంపౌండర్ పర్వతాలు. అప్పుడు రజాకార్లకు జనం పేర్లు చేరవేసేవాడు. ఇప్పుడు నెత్తిన కాంగ్రెస్ తెల్లటోపీ. ఏ ఎండకు ఆ గొడుగు.

చూసింది ముగ్గురు. యెషయా, సామ్యూల్, బిక్షం. రేపు పొద్దున బొల్లారం మిలిటరీ క్యాంపులో సాక్ష్యం. కనీసం ఇద్దరు కావాలి.

నిన్న కలరా సూది అని చెప్పి సామ్యూల్‌కి ఏదో పొడిచాడు పర్వతాలు. ఇవాళ సామ్యూల్ కన్నతల్లినే "నువ్వెవరమ్మా?" అని అడిగాడు.

మిగిలింది బిక్షం.

ఇరానీ హోటల్. వెనకాల పర్దా గది. బిక్షం ఒక్కడే కూర్చున్నాడు. యెషయాకు ప్రాణం లేచొస్తుంది.

"బిక్షం, లే. పోదాం పా."

బిక్షం తలెత్తుతాడు.

"ఎవరు సాబ్ మీరు?"

సాబ్!

పదేళ్లుగా "ఏందిరా" తప్ప ఇంకో పిలుపు తెలియని నోరు అది.

యెషయా కుర్చీలో కూలబడతాడు. అన్న లేడు. సామ్యూల్ లేడు. ఇప్పుడు బిక్షం కూడా... ఇంత పెద్ద ఊళ్లో తనను "రా" అనేవాడు ఒక్కడూ లేడు. ఏడుపు ఆగదు.

బేరర్ పర్దా తొలగిస్తాడు.

"రెండులో మూడు," అంటాడు బిక్షం.

యెషయా ఉలిక్కిపడతాడు.

రెండు చాయ్‌లు, మూడు కప్పుల్లో. అన్న, తను, బిక్షం రోజూ ఇక్కడే, ఇట్లాగే తాగేవాళ్లు!

"నీకు యాదున్నది కదరా. మూడోది అన్నకే కదా?"

బేరర్ వెళ్లాక బిక్షం గొంతు తగ్గిస్తాడు.

"అంతా యాదున్నది. తెల్వనట్టు జేస్తే నువ్వు పోతవనుకున్న. మూడోది మీ అన్నకు గాదు. మాఫ్ చెయ్ రా... నాకు బతకాలని ఉన్నది."

వెనక ఎవరిదో ఊపిరి. తెల్లటోపీ!

మెడలో సూది దిగుతుంది...

ఒక గది. ఒక బల్ల. వాన చప్పుడు.

ఎదురుగా ఇద్దరు. ఒకడు టోపీ పెట్టుకున్నాడు. ఇంకొకడు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఎవరో, పాపం.

"నీ పేరేంది?" అంటాడు టోపీ మనిషి.

వెతుకుతాడు. దొరకదు. "తెల్వది సాబ్."

టోపీ మనిషి నవ్వుతాడు.

బేరర్ ఖాళీ కప్పులు తీస్తున్నాడు. "ఇంకేమన్న కావాల్నా?"

నోరు దానంతటదే కదులుతుంది.

"రెండులో మూడు."

టోపీ మనిషి నవ్వు ఆగిపోతుంది.

"మర్చిపోలే వీడు. నాటకాలాడుతుండు."

పిస్తోలు పైకి లేస్తుంది!

ఏడుస్తున్న మనిషి బల్ల మీదుగా దూకుతాడు.

ధడ్!

బూట్ల చప్పుడు గదిలోకి వస్తుంది. మిలిటరీ గస్తీ. టోపీ నేల మీద పడుతుంది.

"వీడే... దేవానందాన్ని సుత వీడే చంపిండు. నేను చూసిన," అంటాడు గుండు తగిలిన మనిషి, జవానుతో.

తర్వాత ఇటు తిరుగుతాడు.

"ఏందిరా... గట్ల చూస్తున్నవ్?"

చెయ్యి పట్టుకుంటాడు. వదలబుద్ధి కాదు. ఎందుకో తెలియదు.

"ఎవరు సాబ్ మీరు?"