స్వరదర్శిని సాక్ష్యం

పొద్దున్న ఏడుంబావు కాగానే రాష్ట్రంలో డెబ్బై దాటిన ప్రతి మనిషి ఇంట్లోనూ గోడమీది పళ్లెం పలికేది. పళ్లెం అంటే అన్నం తినేది కాదు, అరచేతి వెడల్పున్న తెల్లటి గుండ్రటి స్పీకరు. 2064లో కుశల శాఖ వాళ్లు ఇంటింటికీ వచ్చి బిగించిపోయారు. "నమస్కారమండీ, ఈ రోజు ఎలా ఉన్నారు?" అని అది ఎంతో మర్యాదగా అడిగేది. జవాబు చెప్పడానికి నలభై సెకన్లు గడువు. ఆ జవాబులన్నీ శాఖవారి కంప్యూటర్లకు చేరి, మధ్యాహ్నానికల్లా నూటికి ఇంత అని జిల్లాకొక అంకెగా మారేవి. దాని పేరు కుశల సూచిక. ఏ జిల్లాకి ఎంతమంది సహాయకులు, ఎన్ని గంటల సేవ అన్నది ఆ అంకెను బట్టే తేల్చేవారు.

ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. ముసలివాళ్లకి ఏం కావాలో ముసలివాళ్లనే అడగడం! చట్టసభలో అన్ని పక్షాలవాళ్లూ బల్లలు చరిచారు. పొద్దున్నే ఎవరైనా ఎలా ఉన్నారని పలకరిస్తే మనవాళ్లు ఏమంటారన్నది మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

ఒంగోలులో ఒక పాత అపార్టుమెంటు ఐదో అంతస్తులో ప్రశాంతి అనే ఆవిడ ఉండేది. వయసు ఎనభై ఒకటి. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. అయినా ఆరున్నరకే లేచి, ఎడంచేత్తో జుట్టు సవరించుకుని, పళ్లేనికి ఎదురుగా కూర్చునేది. అది పలకరించగానే నవ్వుమొహంతో, "బాగానే ఉన్నానమ్మా, నువ్వు బాగున్నావా?" అనేది. దానికి నోరుంటే కాఫీ కూడా కలిపి ఇచ్చేదే.

అలా జిల్లా సూచిక తొంభై నాలుగుకి ఎక్కి కూర్చుంది. ఇంత సుఖంగా ఉన్నవాళ్లకి చేదోడు ఎందుకని శాఖ ఆలోచించింది. చేదోడు అంటే రోజూ రెండు గంటలు ఇంటికి వచ్చే మనిషి. స్నానం చేయించి, గోళ్లు తీసి, రెండు పూటలకి సరిపడా వండిపెట్టి వెళుతుంది. ఆ రోజుకి రెండు గంటల్ని వారానికి ఒక గంట చేశారు. ఆ తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడాది నుంచి అదీ ఉండదట. ఇంకా సాయం కావలసినవాళ్లు ఎవరైనా ఉంటే అరవై కిలోమీటర్ల అవతల కట్టిన సంరక్షణ భవనానికి మారిపోవచ్చట.

"నేను ఆడికి పోనే హిమా" అంది ప్రశాంతి, ఉత్తరం చదివించుకుని. "నా ఇంట్లో నేను పోవాల. ఎట్టాగైనా ఆ పిల్లని మళ్లీ రప్పించు."

ఈ హిమ అసలు పేరు హిమబిందు. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండేది, వయసు డెబ్బై ఆరు. హిమబిందు, ప్రశాంతి, స్వప్న లాంటి పేర్లు వింటేనే ఎవరో బామ్మగారని తెలిసిపోయే కాలం అది. ఆవిడ కరెంటు డిపార్టుమెంటులో లైన్‌వుమన్‌గా చేసి, ఇరవై ఏళ్లపాటు స్తంభాలెక్కింది. రిటైరయ్యాక పెద్దల హక్కుల సంఘానికి కార్యదర్శి అయింది. ఎవరికి ఏ సేవ ఆగినా ముందు ఆవిడ తలుపే తట్టేవాళ్లు. ఆవిడ మాత్రం తన కోసం చేదోడుకి ఎప్పుడూ దరఖాస్తు పెట్టుకోలేదు. ఎందుకని అడిగితే, "నాకేం రోగం?" అనేది.

గంటలు తగ్గించినప్పట్నుంచీ కుశల శాఖకి ఆవిడ పదకొండు అర్జీలు పంపింది. పదకొండుసార్లూ ఒకటే జవాబు: మీ జిల్లా సూచిక తొంభై నాలుగు, అభినందనలు. పదకొండో అభినందన చదివినప్పుడు ఆవిడకి ఒళ్లు మండిపోయింది. సంఘం సభ్యులందర్నీ కూర్చోబెట్టి, "రేపట్నుంచి పళ్లేనికి నిజం చెప్పండి. నడుము లేవట్లేదు, వంట చేసుకోలేకపోతన్నాం, సాయం కావాలని చెప్పండి" అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అందరూ తలలూపారు. వారం తిరిగేసరికి సూచిక తొంభై ఐదుకి పెరిగింది.

"ఎట్టా చెప్పమంటావే?" అంది ప్రశాంతి. "పొద్దున్నే అంత ప్రేమగా అడిగిందాయె. దాని ముందు ఏడుపుగొట్టు మాటలేంది?"

హిమబిందు నెత్తి కొట్టుకుంది.

అదే ఏడాది విశాఖపట్నంలో అద్విక అనే శాస్త్రజ్ఞురాలు ఒక పరికరం తయారుచేసింది. మాట్లాడేటప్పుడు మన స్వరతంత్రులు చెవికి అందనంత సన్నగా వణుకుతుంటాయి. ఆ మైక్రో ట్రెమర్లకి ఆవిడ సూక్ష్మకంపనాలని పేరు పెట్టింది. నొప్పి ఉంటే ఒక తీరు, భయం ఉంటే ఇంకో తీరు, మనసులో ఉన్నది దాచి పైకి వేరే మాట చెబితే మరో తీరు. మాటకి ముందు పీల్చే ఊపిరి కూడా లెక్కలోకి వస్తుంది. వీటన్నిటినీ ఒకేసారి కొలిచి, అన్న మాట నిజమో కాదో నూటికి ఎంత నిశ్చయంగా చెప్పగలదో ఆ పరికరం చెబుతుంది. దాని పేరు స్వరదర్శిని. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది.

సంగతి తెలిసి హిమబిందు విశాఖపట్నం వెళ్లింది. పేర్లు తీసేసి పరిశోధనకని శాఖవారు ఇచ్చిన ఆరువేల పలకరింపుల రికార్డులు అద్విక దగ్గర ఉన్నాయి. వాటిని స్వరదర్శినికి వినిపించింది. నూటికి ఎనభై మూడు "బాగానే ఉన్నాను"లు నిజం కావని తేలింది.

హిమబిందు కళ్లు చెమర్చాయి. రెండేళ్లుగా మొత్తుకున్నది నిజమని చెప్పిన మొదటి సాక్షి ఆ డబ్బానే. "ఇది చాలు అమ్మాయ్. ఇంక వాళ్ల నోళ్లు మూతపడాల్సిందే" అంది.

"మీ గొంతు కూడా ఒకసారి పరీక్షిద్దామాండీ?" అని అద్విక మైకు దగ్గరికి జరిపింది.

"నాదెందుకులే" అంటూ హిమబిందు కుర్చీ వెనక్కి లాక్కుంది. "పనికొచ్చేవాళ్ల గొంతులు చూడు."

కానీ అడ్డంకి ఒకటుంది, అది హిమబిందు వాళ్లు కట్టుకున్న గోడే. పిల్లలూ డాక్టర్లూ కలిసి ముసలివాళ్ల తరపున అన్నీ తామే నిర్ణయించేస్తున్న రోజుల్లో, 2052లో, సంఘం పెద్ద పోరాటం చేసి స్వవచన నియమం సాధించింది. ఒక మనిషి ఒంటికి ఏం కావాలన్న విషయంలో ఆ మనిషి మాటే చివరి మాట అని దాని సారాంశం. యంత్రం చెప్పినా, డాక్టరు చెప్పినా, ఆ మనిషి ఔనంటేనే చెల్లుతుంది. వాళ్ల అమ్మ తరం కోసం హిమబిందు ఆ రోజుల్లో రోడ్డు మీద బైఠాయించింది కూడా. ఇప్పుడు శాఖ నిర్ణయాల మీద అర్జీలు వినే సేవల సమీక్షా సంఘం ఆ నియమాన్నే చూపించి, పేర్లు లేని గొంతులు సాక్ష్యం కావంది. మనిషిని తీసుకురండి, మా ఎదుట యంత్రం చదవాలి, ఆ మనిషి ఔననాలి అంది.

ప్రశాంతిని ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. చివరికి, "నీకోసం వస్తాలే" అంది. విచారణ బుధవారం. ఆ రోజు పొద్దున్న సంఘం బస్సు ఎక్కడానికి నలభై మంది సిద్ధమయ్యాక హిమబిందు పైకి వెళితే, ప్రశాంతి నైటీలోనే కూర్చుని ఉంది.

"రాలేనే. చేదోడు పిల్ల వచ్చేది గురువారం. ఆరు రోజులైంది నీళ్లు పోసుకుని. ఈ ఒంటితో పెద్దమనుషుల మధ్యకి ఎట్టా వస్తా?"

నీళ్లు నేను పోస్తాలే అన్న మాట హిమబిందు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. స్నానాల గది గుమ్మం వైపు ఒకసారి చూసి, కిందికి వచ్చి బస్సెక్కింది.

రాజధానిలో విచారణ గది నిండిపోయింది. సమీక్షా సంఘం ఛైర్మన్ జశ్వంత్ గారు చెడ్డవాడు కాదు. ఆ వారం విన్నవాటిలో ఇది పంతొమ్మిదో అర్జీ. సాక్షి రాలేదని చెప్పగానే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వాయిదా వెయ్యడం కుదరదండీ. నెలాఖరుకి పథకం ముగిసిపోతుంది. సాక్షి ప్రశాంతి గారే కావాలని ఎక్కడా లేదు కదా? మీకు డెబ్బై ఆరు. మీరే కూర్చోండి."

హిమబిందు వెనక్కి తిరిగి చూసింది. నలభై మందీ ఆవిడ వైపే చూస్తున్నారు. ముందు వరసలో ఉన్న సంఘం సభ్యుడు తరుణ్ కుమార్ తాత, ఫర్వాలేదు వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. కూర్చోక తప్పలేదు. అద్విక స్వరదర్శినిని ఆన్ చేసింది. ప్రశాంతి కోసం సిద్ధం చేసిన ప్రశ్నలనే అది ఒక్కొక్కటిగా అడగడం మొదలుపెట్టింది.

"నిన్న స్నానం చేశారా?"

"చేశా. రోజూ చేసేదేగా."

"నిజం కాదు. నిశ్చయం తొంభై ఆరు శాతం. మొన్న చేశారా?"

"చేశా."

"నిజం కాదు. తొంభై ఏడు శాతం. స్నానాల గదిలో ఎప్పుడైనా పడ్డారా?"

"లేదు."

"పడ్డారు. ఒక్కసారేనా?"

హిమబిందు మాట్లాడలేదు. ఊపిరి మాత్రం పీల్చింది. స్వరదర్శినికి అది చాలు.

"ఒక్కసారి కాదు. ఇంట్లో పనులకి మీకు ఇంకొకరి సాయం అవసరమా?"

"అక్కర్లా!"

"అవసరం ఉంది. తొంభై తొమ్మిది శాతం. ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

ఆవిడ పెదవి కదపకముందే వెనక వరసల్లోంచి ఎవరో, "అయ్యో, పాపం!" అన్నారు. మెల్లగానే అన్నారు, కానీ గదంతా వినిపించింది.

ఆ మాట హిమబిందుకి చెంపదెబ్బలా తగిలింది. ఆవిడ మీద కోప్పడిన అధికారులు ఉన్నారు, విసుక్కున్నవాళ్లు ఉన్నారు. జాలిపడినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు. చెవులు వేడెక్కాయి. చీర కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

జశ్వంత్ గారు ముందుకి వంగాడు. గొంతు కూడా తగ్గించాడు. "అమ్మా, ఇప్పుడు మీరు ఒక్క మాట చెప్పాలి. యంత్రం చదివింది నిజమేనంటే, శాఖ దగ్గరున్న రికార్డులన్నీ దీనితో మళ్లీ చదివించమని ఆదేశిస్తాను. చేదోడు ఈ నెలలోనే పాత గంటలతో మొదలవుతుంది. కాదంటే, యంత్రం నమ్మదగింది కాదని రాయడం తప్ప నాకు వేరే దారి లేదు. నియమం మీ సంఘం తెచ్చిందే. నిజమేనా?"

అద్విక ఆవిడ మొహంలోకి చూసి, ఔననండి అన్నట్టు తల ఊపింది. హిమబిందుకి ప్రశాంతి గుర్తుకు రాలేదని కాదు. నైటీలో కూర్చున్న ఆ మనిషే కళ్లముందు ఉంది. ఒక్క మాట, ఔను అంటే చాలు. రెండేళ్లుగా కాళ్లరిగేలా తిరిగింది ఆ మాట ఎవరితోనైనా అనిపించడానికే. తీరా ఇప్పుడు ఆ మాట తన నోటికే రావడం లేదు.

"ఆ డబ్బాకి తిక్క పుట్టింది సార్" అంది.

"ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముంది? స్తంభాలెక్కిన మనిషిని నేను. చెంబుడు నీళ్లు పోసుకోలేనా? అబద్ధం చెప్తంది అది."

"అలాగే రాయమంటారా?"

"రాసుకోండి."

 ముందు తరుణ్ కుమార్ తాత చప్పట్లు కొట్టాడు. ఆయన్ని చూసి పక్కావిడ, ఆవిడని చూసి వెనకవాళ్లు. చివరికి నలభై మందీ చేతులు నొప్పెట్టేలా కొట్టారు. ఆ హోరులోనే జశ్వంత్ గారు తీర్పు చదివాడు: స్వరదర్శిని సాక్ష్యం చెల్లదు, పథకం నెలాఖరుకి ముగుస్తుంది. చప్పట్లలో ఆ మాటలు సగం మందికి వినబడలేదు. విన్నవాళ్లు కూడా ఆపలేదు.

"భలే బుద్ధి చెప్పావు పో!" అన్నాడు తరుణ్ కుమార్ బయట వరండాలో. "అంతమంది ముందర మన పరువు తియ్యాలని చూసిందా ముండమోపి మెషిను!" ఆయన కూడా కర్ర లేకుండా నడుస్తున్నట్టు కనిపించడానికి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అందరూ హిమబిందు భుజం తట్టి, నవ్వుకుంటూ, ఒకరి వెనక ఒకరు పక్క ర్యాంపు మీదుగా బస్సు వైపు వెళ్లారు. "మీరు పదండి, కాగితాలు తీసుకుని ఎనకాలే వస్తా" అని ఆవిడ ఆగిపోయింది.

అద్విక డబ్బాని సంచిలో పెట్టుకుని వచ్చింది. పన్నెండేళ్ల పని ఆ పూటతో బూడిదలో పోసిన పన్నీరైంది. ఇంత కోపం ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

"ప్రశాంతి గారికి ఏం చెబుతారండీ?"

హిమబిందు ముందున్న మెట్ల వైపు చూసింది. అవి పద్నాలుగు ఉన్నాయి. అవి బస్సుకి కనబడవు, పక్కనున్న ర్యాంపు మాత్రం బస్సుకి ఎదురుగానే ఉంది. దాని మీద ఇంకా ఆఖరి నలుగురు సభ్యులు కబుర్లాడుకుంటూ దిగుతున్నారు. వాళ్లు మలుపు తిరిగేదాకా ఆగి, అటూ ఇటూ చూసింది.

"అమ్మాయ్, ఆ చెయ్యి ఇటివ్వు. నెమ్మదిగా దించు. ఎడమ తుంటి దగ్గర పట్టేసింది, పడ్డప్పట్నుంచీ మెట్లు దిగలేకపోతన్నా."

అద్విక చెయ్యి అందించింది. మొదటి మెట్టు దిగడానికే చాలాసేపు పట్టింది. రెండో మెట్టు మీద ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఈ ఒక్క మాట లోపల అని ఉంటే అయిపోయేది కదండీ!"

"లోపల నా వాళ్లు నలభై మంది ఉన్నారు కదమ్మా" అంది హిమబిందు.