అరచేతంత కిటికీ

"ఇందులో బొమ్మలేవండీ?"

లావుపాటి పుస్తకమొకటి కౌంటర్ మీద దబ్బున పడింది. లైబ్రరీలో కంప్యూటర్ల గది చూసుకునే అబ్బాయి ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా వానలో సగం తడిసిన ఒకమ్మాయి. కాలరుకు వరసగా గుచ్చిన గుండుసూదులు, కళ్ళలో కోపం.

అది చిత్రకళ చరిత్ర చెప్పే పుస్తకం. తెరిచి చూశాడు. రంగుల బొమ్మలన్నీ ఎవరో బ్లేడుతో శుభ్రంగా కోసుకుపోయారు. వాటి కింద రాసిన వివరాలు మాత్రం దయతలచి వదిలేశారు.

"నేను కోయలేదండీ," అన్నాడు.

"మీరని అన్నానా? మీకు బ్లేడు పట్టుకోవడమే రాదని తెలుస్తూనే ఉంది."

అబ్బాయి గడ్డం తడుముకున్నాడు. పొద్దున గీసుకుంటూ కోసుకున్న చోట ప్లాస్టర్ ఉంది.

"పుస్తకంలో లేకపోతేనేం, నెట్‌లో ఉంటాయి కదండీ."

"వెతికాను. పాత పెయింటింగ్స్ అని కొడితే గోడకి అంటించుకునే స్టిక్కర్లు చూపిస్తోంది. రెండు కొంటే ఒకటి ఫ్రీ అంట."

నవ్వితే ఇంకో పుస్తకం పడుతుందేమోనని అబ్బాయి నవ్వు ఆపుకున్నాడు. "బజారులో నిలబడి అరిస్తే అమ్మేవాళ్ళే పలుకుతారండీ. బొమ్మలు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళింటికే వెళ్ళి అడగాలి. కూర్చోండి."

కిటికీ పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. మ్యూజియంలు తమ బొమ్మలన్నీ సొంత సైట్లలో పెడతాయని చూపించాడు. 'ఉచితంగా వాడుకోవచ్చు' అన్న గడిలో టిక్కు పెడితే వేలకొద్దీ బొమ్మలు వరస కట్టాయి. యూనివర్సిటీలవాళ్ళు ఊరికే వినమని పెట్టిన పాఠాలు, స్కాన్ చేసిన పాత పత్రికలు, ఒక్కొక్కటీ తెరిచాడు. చివరికి ఒక బొమ్మ మీద జూమ్ నొక్కాడు. కుంచె వెంట్రుక ఒకటి రంగులో ఇరుక్కుని ఎండిపోయి ఉంది.

అమ్మాయి కోపం ఎటుపోయిందో ఆమెకే తెలీలేదు. "ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయండీ?" అంది మెల్లగా.

"ఇక్కడే. మీరే రాలేదు," అన్నాడు. అని, ఎందుకన్నానా అని కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు.

ఆమె పెద్ద బట్టల షాపులో కిటికీలు అలంకరిస్తుంది. అద్దాల వెనక బొమ్మలకు బట్టలు తొడిగి, దారినపోయేవాళ్ళ కాళ్ళు ఆగేలా చేయడం ఆమె పని. ఆమెకు కాలేజీలో సాయంత్రాలు చెప్పే చిత్రకళ చరిత్ర కోర్సు కావాలి. సీట్లు తక్కువ. నచ్చిన బొమ్మ మీద ఒక వ్యాసం రాయాలి, తర్వాత ఇంటర్వ్యూ.

"ఈ ఒక్కసారేనంది మా అమ్మ. సీటు రాకపోతే మా పెదనాన్న ఆఫీసులో లెక్కలు రాయాలి. ఆ ఆఫీసుకి కిటికీలే లేవండీ," అంది.

అప్పటినుంచి మధ్యాహ్నం భోజనం వేళ ఆమె లైబ్రరీకి రావడం మొదలైంది. అబ్బాయికి 'జూమ్' అని పేరు కూడా పెట్టేసింది. ప్రేమలో పడేవాళ్ళలో కొందరికి పార్కులు దొరుకుతాయి, కొందరికి సినిమా హాళ్ళు. వీళ్ళకు ఒక మానిటర్ దొరికింది. పడ్డామన్న సంగతి ఇద్దరికీ తెలియదు, అది వేరే విషయం.

వెతగ్గా వెతగ్గా ఒకరోజు ఆ బొమ్మ దొరికింది. ఒక గది, ఒక కిటికీ, బయట వాన. కిటికీ చట్రం మీద చేయి ఆనించి నిలబడ్డ ఒక స్త్రీ. గీసినవాడి పేరు తెలియదట. ఒక సైట్లో ఆమె శాలువా నీలం, ఇంకో సైట్లో ఆకుపచ్చ.

"ఆకుపచ్చే," అంది అమ్మాయి. "నీలమైతే ఆ గోడ పక్కన ఇలా వెలగదు. రోజూ చేసే పనేగా నాది."

ఇద్దరూ ఆ బొమ్మలోకి దగ్గరగా, ఇంకా దగ్గరగా వెళ్ళేవాళ్ళు. ఒక వానచుక్క తెరంతా నిండేది. అందులో తెల్లని చుక్క, ఆ చుక్కలో సన్నటి పగుళ్ళు. బయట నిజం వాన లైబ్రరీ కిటికీని తడుతూ ఉండేది. కాసేపటికి ఏ వాన ఎక్కడ పడుతోందో తెలిసేది కాదు. ఆ గదిలో గడియారం ఉందన్న సంగతే ఇద్దరూ మరిచిపోయారు. ఆమె లేచి వెళ్ళాక కుర్చీ పక్క ఒక గుండుసూది దొరికితే అబ్బాయి దాన్ని జేబులో వేసుకునేవాడు.

"ఎవరికోసం చూస్తోందంటారు?" అని అడిగింది ఒకరోజు.

"బట్టలు ఆరేసుకుని ఉంటుంది. వాన ఎప్పుడు తగ్గుతుందా అని."

"మీతో పెట్టుకున్నాను చూడండి, నాకు బుద్ధి లేదు. ఎవరో వస్తానన్నారు. ఇంకా రాలేదు. అయినా ఆవిడకి కోపం లేదు. ఆ చేయి చూడండి, బిగించలేదు."

అబ్బాయి చేయి చూశాడు. బొమ్మలో చేయి కాదు, మౌస్ మీదున్నది.

"ఎంత పెద్ద బొమ్మో కదా. గోడంత ఉంటుంది," అంది. "ముందు నిలబడితే మనమూ ఆ గదిలోకి వెళ్ళిపోతాం."

"వెళ్దాం, ఎప్పుడైనా," అని నాలుక కరుచుకున్నాడు. ఆమె వినలేదనుకున్నాడు. వింది.

వ్యాసం రాసి పంపేసింది. గోడంత బొమ్మ ముందు మనిషి ఎంత చిన్నవాడైపోతాడో, వాన తన భుజం మీద పడినట్టు ఎలా అనిపిస్తుందో, అంతా రాసింది. అబ్బాయి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

ఇంటర్వ్యూ రేపనగా, ఆమెకు పనికొస్తుందని బొమ్మ ఉన్న మ్యూజియం వాళ్ళ పేజీని ప్రింటు తీయబోయాడు. పేజీ మొదటిసారి చివరిదాకా కిందికి జరిగింది. అక్కడ సన్నటి అక్షరాల్లో బొమ్మ కొలతలున్నాయి.

స్కేలు తీశాడు. కొలిచి అట్టముక్క కోశాడు. అరచేతిలో పెట్టుకుంటే వేళ్ళు బయట మిగిలాయి.

దీపం కింద చీకటంటే ఇదే. పదిమందికీ వెతకడం నేర్పే మనిషి, పేజీ కింద ఏముందో చూడలేదు. చెప్పకుండా ఊరుకుంటే రేపు అక్కడ నవ్వులపాలవుతుంది. చెబితే ఈ రాత్రి నిద్రపోదు. రెండోదే నయమనుకుని గొడుగైనా లేకుండా పరుగెత్తాడు.

ఆమె షాపు అద్దం వెనక, నోట్లో సూదులతో, ఒక బొమ్మకు కోటు సర్దుతోంది. అబ్బాయి వానలో నిలబడి పిలిచాడు. వినపడలేదు. అట్టముక్కను అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. ఆమె తిరిగింది. అతన్ని చూసింది, అతని చేతిలో కార్డును చూసింది. ముఖమంతా వెలిగింది. నోట్లో సూదులు తీసేసి, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా బయటికొచ్చేసింది.

"ఏంటిది? ఏమీ రాయలేదే?" అంది నవ్వుతూ.

"రాయడానికి కాదండీ. ఇదీ... మన బొమ్మ సైజు."

నవ్వు అలాగే కాసేపు ఉండి, నెమ్మదిగా ఆరిపోయింది.

"నేను గోడంతని రాశాను."

"తెలుసు. పేజీ కింద ఉంది. నేనూ ఇప్పుడే చూశాను."

"జూమ్ చేయడం నేర్పావు. కిందికెళ్ళి చూడమని ఎందుకు చెప్పలేదు?" కోపంలో 'మీరు' ఎటో ఎగిరిపోయింది. "రోజూ నా పక్కనే కూర్చున్నావుగా. ఇన్నాళ్ళూ ఏం చూశావు మరి?"

జవాబు ఉంది. నాలిక చివరే ఉంది. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదేనేమో, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. ఆమె అట్టముక్క లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. అద్దం వెనక్కి మళ్ళీ రాలేదు.

మర్నాడు ఆమె లైబ్రరీకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కిటికీ పక్క కంప్యూటర్ ముందు ఇంకెవరైనా కూర్చోబోతే అబ్బాయి అది పాడైందని చెప్పాడు. అబద్ధం, కానీ అతనికి అలాగే అనిపించింది.

మూడో మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. తడి గొడుగు మడిచి కౌంటర్‌కు ఆనించింది.

"కంప్యూటర్ల అబ్బాయివి నువ్వేనా?"

"అవునండీ."

"ఇక్కడో కంప్యూటర్ ఉందట. దాని ముందు కూర్చుంటే అరచేతంత బొమ్మ గోడంత కనిపిస్తుందట. ఏదది?"

అబ్బాయి కుర్చీలోంచి లేచాడు. ఆవిడ వెనక, తలుపు దగ్గర, అమ్మాయి వానకేసి చూస్తూ నిలబడి ఉంది.

"మొన్న ఇంటర్వ్యూకి నేనే తీసుకెళ్ళాను," అంది ఆవిడ. "తలుపు సగం తెరిచే ఉంది, బయట బెంచీ మీద నేను. గోడంతని రాశావు, కొలతలు చూశావా అని లోపల మేడమ్ అడిగింది. ఇది అట్టముక్క తీసి బల్ల మీద పెట్టింది. తప్పు రాశానండీ, ఇంతే ఉంటుంది అంది. మరి నీకంత పెద్దగా ఎలా కనిపించిందమ్మా అంటే..."

"అమ్మా, వద్దే," అంది తలుపు దగ్గర్నుంచి కూతురు.

"పక్కన ఒకరు కూర్చునేవారండీ, అందుకే కాబోలు అంది."

అబ్బాయి తలుపు కేసి చూశాడు.

"సీటు?" అన్నాడు.

"పొద్దున ఫోనొచ్చింది. వచ్చే నెల నుంచి రమ్మన్నారు. గోరంతని కొండంత చేయడం దీనికి చిన్నప్పట్నుంచీ అలవాటే. అందుకని నువ్వు గోరంతో కొండంతో నా కళ్ళతో చూసుకుందామని వచ్చాను. ఆ బొమ్మేదో చూపించు."

చూపించాడు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఏముంది ఇందులో? బట్టలు ఆరేసుకుని ఉంటుంది. వాన తగ్గుతుందేమోనని చూస్తోంది."

అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి లేచింది.

"ఆరింటికల్లా దీన్ని ఇంటి దగ్గర దింపు. నువ్వూ లోపలికి రా, వాళ్ళ నాన్న కూడా చూస్తారు. గొడుగు నేను తీసుకెళ్తున్నాను."

ఆవిడ వెళ్ళాక అమ్మాయి తన కుర్చీలో కూర్చుంది. అబ్బాయి పక్కన కూర్చున్నాడు.

"ఆరోజు అడిగావుగా, ఇన్నాళ్ళూ ఏం చూశావని," అన్నాడు.

"ఊఁ."

"నిన్నే చూశాను."

"తెలుసు," అంది. "అయినా చెప్పడానికి ఇన్నాళ్ళా?" మౌస్ మీదున్న చేయి తీయలేదు. దాని మీదకు అతని చేయి వచ్చినా తీయలేదు.

ఈసారి ఇద్దరూ కలిసి పేజీ చివరిదాకా కిందికి వెళ్ళారు. కొలతలు దాటాక ఇంకో చిన్న వరస ఉంది. సోమవారం తప్ప అన్ని రోజులూ మ్యూజియం తెరిచే ఉంటుందని రాసి ఉంది.