మశూచి గదికి ఒక సాక్షి

"నీకు టీకా లేదు. అందుకే నిన్నే పంపమన్నారు," అన్నాడు చీఫ్ చెన్నకేశవులు.

ఏజెంట్ ఉమేష్ మోచేయి గోక్కున్నాడు. ఆదోనిలో మూతబడిన జిన్నింగ్ మిల్లు అది. పాత పత్తి గోడౌన్‌లో సీక్రెట్ సర్వీస్ కంట్రోల్ రూమ్ పెట్టుకుంది.

చీఫ్ నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. విదేశీ ముఠా ఒకటి ఎక్కడో మిగిలిన మశూచి వైరస్ తెచ్చి ఒక మనిషికి ఎక్కించిందట. రోగి ఎమ్మిగనూరులో, సాలెవాళ్ల వీధిలో ఉన్నాడు. మన జైల్లో ఉన్న ముఠా నాయకుణ్ణి మధ్యాహ్నం పన్నెండుకు హొళగుంద దగ్గర వదలాలి. లేకపోతే ఆ రోగిని ఆదోని పత్తి మార్కెట్లోకి తోలుతారు. రోగం నిజమేనని చూసి చెప్పడానికి ఒక సాక్షిని రానిస్తామన్నారు. ఆ సాక్షి పేరు కూడా వాళ్లే చెప్పారు.

"ఇప్పుడు టీకా ఏయించుకుంటే?" అన్నాడు ఉమేష్.

డాక్టర్ మల్లేశ్వరి అడ్డంగా తలూపింది. ఆ టీకా నూటికి తొంభై అయిదుమందిని కాపాడుతుంది. భూమ్మీద మశూచి లేకుండా చేసింది అదే. రోగం పోయింది కాబట్టే సూది ఆపేశారు. తర్వాత పుట్టినవాళ్లెవరికీ రక్షణ లేదు. అయితే ఆ సూదిలో ఉండేది మశూచికి చుట్టమైన వైరస్, అదీ బతికున్నది. ఉమేష్‌కు చిన్నప్పటి నుంచీ ఎగ్జిమా. అలాంటివాడికి వేస్తే సూదిపుండు ఒళ్లంతా పాకవచ్చు.

"అంటే రోగమొస్తే రోగం సంపుతాది, సూదేస్తే సూది సంపుతాది. అంతేనా మేడమ్?"

"సూది చంపొచ్చు. రోగం అంటుకుంటే మాత్రం సూదికే ఒప్పుకోవాలి. నాలుగు రోజుల్లోపల."

చీఫ్ అతని చొక్కాకు బటన్ మైక్ తగిలించి కోడ్ చెప్పాడు. రోగం నిజమైతే 'పడుగు సాగింది'. అబద్ధమైతే 'పడుగు తెగింది'.

పన్నెండు కావస్తుండగా, వీధిలో ఎవరూ గుర్తుపట్టకుండా నూలు వ్యాపారి వేషంలో ఉమేష్ ఆ ఇంటి ముందు దిగాడు. గడప మీద పసుపు నీళ్లు. ఒక ముసలామె ద్వారానికి వేపమండలు కడుతోంది. పేరు శ్రీశైలమ్మ, ముఠా వంటకు కుదుర్చుకున్న మనిషి.

"అమ్మోరు పోసింది నాయనా, ఆ గది గడప దాటాకు," అని ఆమె లోపలికి పోయింది.

ఉమేష్ నడవలోకి వెళ్తే అక్కడ పట్టుచీర, నల్లకళ్లద్దాలతో కృష్ణకుమారి నిలబడి ఉంది. నిన్నమొన్నటిదాకా ఆఫీసులో ఉమేష్ పక్క సీటు ఆమెది. అతని మోచేతులకు ఆయింట్‌మెంట్ కొనిచ్చిన చేయి అది. ఆ ఎగ్జిమా సంగతి ముఠాకు అమ్మింది కూడా ఆ చేయే.

"మోచేతులెలా ఉన్నాయి?" అంది నవ్వుతూ. "చూసుకో. చూసి చెప్పేసి పో."

గది గుమ్మానికున్న తెర తీసింది. మంచం మీద మనిషి. ముఖం, చేతులు, అరచేతులు అన్నీ బొబ్బలే. ఉమేష్ గుమ్మం బయటే నిలబడ్డాడు. పీల్చిన గాలి కూడా భయపెట్టింది. 'పడుగు సా...' దాకా నోటికొచ్చింది.

అప్పుడు వంటింట్లో చుయ్యిమంది. ఆవాలు, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ. బొరుగులతో చేసే ఉగ్గానికి తిరగమోత.

ఉమేష్ ఆగిపోయాడు. ఈ వీధిలో పుట్టినవాడు. అమ్మవారు పోసిన ఇంట్లో బాణలి పొయ్యెక్కదు. వేపమండలు కట్టిన ముసలామే తిరగమోత పెట్టిందంటే, మంచం మీది మనిషికి ఏ రోగమూ లేదని ఆమెకు తెలుసు. ఢిల్లీలో పెరిగిన కృష్ణకుమారికి తెలియంది అదే. దగ్గరికి పోయే ధైర్యం చేయడనే తనను సాక్షిగా కోరుకున్నారు.

తెలుసనుకోవడం వేరు, ముట్టుకోవడం వేరు. అతను ఊపిరి బిగబట్టి గది గడప దాటాడు.

"చస్తావ్," అంది కృష్ణకుమారి. నవ్వు పోయింది.

"ముట్టాకన్నా, అమ్మోరు కోపిస్తాది," అని మంచం మీది మనిషి గోడకు జరిగాడు. ఉమేష్ అతని అరచేయి లాగి బొటనవేలితో రుద్దాడు. బొబ్బ మెత్తగా ఊడి వేలికి అంటింది. ఊపిరి వదిలి వేలిని ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. అప్పుడు వాసన తెలిసింది. మగ్గం మీది పడుగు నూలుకు పట్టించే గంజి.

కృష్ణకుమారి పిస్టల్ తీసింది.

"పడుగు తెగింది," అన్నాడు ఉమేష్.

హొళగుంద దగ్గర ముఠా నాయకుడు వ్యాన్ దిగుతూ ఒక కాలు నేల మీద పెట్టాడు. రెండోది పెట్టనివ్వకుండా లోపలికి తోసి తలుపు వేశారు. ఇక్కడ పైకప్పు మీద పొంచి ఉన్న కమాండోలు పెంకులు విరగ్గొట్టుకుని దూకారు. కృష్ణకుమారి పేల్చిన గుండు మగ్గంలో దిగింది.

మంచం మీది మనిషి పేరు బజారి. వీధినాటకాల్లో వేషాలు కట్టేవాడు.

"సినిమాకు టెస్టు అన్నారన్నా. కదిలితే వేషం లేదంటిరి," అన్నాడు ఏడుపు ముఖంతో.

బేడీలు పడ్డాక కృష్ణకుమారి ఒక్కటే అడిగింది. "నువ్వు పిరికివాడివి. ఎలా ముట్టుకున్నావు?"

"పిరికోణ్ణి కాబట్టే. చూసి ఎల్లిపోయింటే, రోగమా సూదా అని నాలుగు దినాలు సస్తా కూసోవాల."

సాయంత్రానికి డిపార్ట్‌మెంట్ అతని నిర్భయత్వానికి పతకం సిఫార్సు చేసింది. ఆ కబురు చెప్పడానికి చీఫ్ ఫోన్ చేస్తే ఉమేష్ ఎత్తలేదు. మిల్లు వెనక కొళాయి దగ్గర చేతులకు రెండో సబ్బు అరగదీస్తున్నాడు.