పూలపళ్ళెం పట్టుకున్న మనిషి

ఏనుగు వచ్చే వేళ ఇంకా కాలేదు. అప్పుడే మణిద్వీపం స్టూడియో రెండో ఫ్లోరు ముందు జనం బారులు తీరారు. నీలాద్రి వాళ్ళని తప్పించుకుని లోపలికి వెళ్ళాడు.

ఒకప్పుడు మద్రాసులో జానపద చిత్రాలకి పెట్టింది పేరు ఆ స్టూడియో. తర్వాత గోదామయింది, కల్యాణమండపమయింది, కొన్నాళ్ళు ఏమీ కాకుండా పడి ఉంది. ప్రవేశచిత్రాలు వచ్చాక దాని దశ తిరిగింది. పాత సినిమాని గదినిండా వెలుగుతో నిలబెడితే జనం అందులోకి నడిచి వెళ్ళి, రాజుగారి ఏనుగు ఊరేగింపులో కాసేపు తిరిగి వస్తున్నారు. అయితే ఆ వెలుగుమనుషులు ఎవరినీ చూడరు.

ఒక్క మనిషి తప్ప. పూలపళ్ళెం పట్టుకున్న ఒక చెలికత్తె, రాజుగారిని చూడాల్సింది పోయి, ఎడమపక్క నేలవైపు చూస్తుంది. అక్కడ చతికిలబడితే ఆ చూపు సరిగ్గా మన ముఖం మీద పడుతుంది. ఎంత ప్రేమగా చూస్తుందో! ఎవరు కనిపెట్టారో గాని, ఇప్పుడు ఏనుగుని చూసే నాథుడు లేడు. అందరూ ఆ కాస్త చోటులో కూర్చోవడానికే వస్తున్నారు. ఎవరికీ చెప్పలేదు గాని, నీలాద్రి కూడా రోజూ తలుపులు తీయకముందే వచ్చి కూర్చునేవాడు.

అతను అక్కడ దిద్దరి. పాత చిత్రాల్లో తప్పులు సరిచేయడం అతని పని. ఆ చూపుని దిద్దమని అడగడానికి ఇవాళ మంగతాయారు అనే పెద్దావిడ వచ్చి కూర్చుంది. ఆ చెలికత్తె వేషం వేసిన పేరిందేవి ఆవిడ తల్లి. కన్నకూతురు అడిగితే కాదనడానికి వీల్లేదు.

"ఆ ఒక్క తప్పుకి మా అమ్మని మళ్ళీ స్టూడియో గుమ్మం తొక్కనివ్వలేదు బాబూ. రెండోసారి నడవనని ఏనుగు మొరాయించిందట, అందుకని తప్పు సినిమాలో ఉండిపోయింది. పోయేదాకా సిగ్గుపడింది మా అమ్మ. ఆ తల కాస్త అటు తిప్పెయ్యి."

నీలాద్రి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. మీరెప్పుడైనా లోపలికి వెళ్ళి చూశారా అని అడిగాడు. అమ్మ పరువు పోయిన చోటు చూడబుద్ధి కాలేదందావిడ. ఒక్కసారి చూడండి, తర్వాత మీరు చెప్పినట్టే దిద్దుతానని బతిమాలి తీసుకెళ్ళాడు.

వెలుగు అలుముకుంది. వాసన లేని పూలు మెల్లగా రాలుతున్నాయి. మంగతాయారు అతని చెయ్యి పట్టుకుని నేలమీద కూర్చుంది. ఇరవయ్యేళ్ళ తల్లి, ముగ్గుబుట్టలాంటి తల ఉన్న కూతుర్ని చూసింది.

ఆవిడ అరచేత్తో ఆ నేలని తడిమింది.

"నన్ను ఇక్కడే కూర్చోబెట్టింది, కెమెరా పక్కన. ఆ దీపాలకి భయపడి ఏడ్చాను, అదొక్కటీ గుర్తుంది. అమ్మ చెప్పనేలేదు, నా వల్లేనని."

మాట ఇచ్చాడు గనక నీలాద్రి దిద్దుపలక చేతిలోకి తీసుకున్నాడు. ఆగమన్నట్టు ఆవిడ సైగ చేసి, కళ్ళు తుడుచుకుని ముందుకి వంగింది.

"ఏడవటం లేదమ్మా. నువ్వు పని చూసుకో."

ఏనుగు వెళ్ళిపోయింది, మళ్ళీ మొదటినుంచి వచ్చింది. ఆవిడ అదే మాట ఇంకోసారి చెప్పింది. పేరిందేవి చూపు తిప్పలేదు.

దిద్దమని ఆవిడ మళ్ళీ అడగలేదు. నీలాద్రి పలక పక్కన పెట్టి, ఇవాళ తలుపులు తీయడం ఆలస్యమవుతుందని జనానికి చెప్పడానికి బయటికి వెళ్ళాడు.