దారి మార్చకు

గడియారాలు బాగుచేసే దుకాణం పైనున్న ఆ ఆఫీసుకు మెట్లెక్కి వచ్చిన అమ్మాయికి పదహారేళ్ళు. ఎడమ చెయ్యి కట్టులో ఉంది. ఎండకు పగిలిన పెదవులు ఇంకా మానలేదు. డిటెక్టివ్ దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్న సహాయకురాలు ఆమెను చూడగానే గుర్తుపట్టింది. తెరచాప పడవలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టి వస్తానని బయలుదేరి, నూట పదకొండో రోజున తుఫానులో చిక్కుకుని, సరుకుల ఓడవాళ్ళు పైకి లాగితే బతికి బయటపడ్డ పిల్ల. ఇంట్లో పిచ్చుక అంటారు.

"హెచ్చరిక పంపినా నేను లెక్కచెయ్యలేదని అందరూ అంటున్నారు. నాకు ఏ హెచ్చరికా రాలేదండీ. వస్తే తిప్పేదాన్ని. నాకేం చావాలని లేదు," అంది.

ఉప్పునీటికి ఉబ్బిన నోటుబుక్కు ఒకటి బల్ల మీద పెట్టింది. ఇంటి నుంచి రోజూ వచ్చే మెసేజ్‌ను అక్షరం పొల్లుపోకుండా అందులో రాసుకునేదట. ఆమె శాటిలైట్ ఫోను సముద్రం పాలైంది. ఇంట్లో ఉన్న ఫోనులోనేమో ఆ వారం మెసేజ్‌లన్నీ చెరిగిపోయి ఉన్నాయి.

డిటెక్టివ్ ఆ పుస్తకాన్ని మొదటి రోజు నుంచీ చదివించుకున్నాడు. నూట తొమ్మిదో రోజు దగ్గర సహాయకురాలు ఆగింది. "వాతావరణం బాగుంది. దారి మార్చకు. ఇంకో అయిదు వందల కిలోమీటర్లు తిన్నగా పోనీ," అని ఉంది అక్కడ. ఆయన ఆ పేజీ మళ్ళీ చదవమన్నాడు. అదే చివరి మెసేజని, ఆ రాత్రే తన ఫోను చెడిపోయిందని పిచ్చుక చెప్పింది.

మర్నాడు ఇద్దరూ విచారణకు బయలుదేరారు. రోజూ వాతావరణం చూసి సలహా రాసిచ్చేది ఓ రిటైరైన ఓడ కెప్టెన్. ఆ రోజు తను పంపిన ఈమెయిల్ చూపించాడు. తుఫాను వస్తోంది, వెంటనే ఉత్తరానికి తిరుగు, మూడు వందల నాటికల్ మైళ్ళ దూరంలో రేవుంది, అక్కడ ఆగు అని ఉంది అందులో. ఎప్పుడూ నాటికల్ మైళ్ళేనా అని డిటెక్టివ్ అడిగితే, సముద్రం మీద దూరాన్ని ఇంకెలాగా చెప్పరని కాస్త విసుగ్గానే అన్నాడు.

ఆయన సలహాను ఇంటి ఫోను నుంచి పిల్లకు పంపేది పిన్ని. తల్లి పోయినప్పటి నుంచీ పిచ్చుకను పెంచింది ఆవిడే. ఆ రోజు కూడా తనే పంపానని, ఏదో పొరపాటు జరిగి ఉంటుందని తలెత్తకుండా చెప్పింది. కెప్టెన్ సలహాలు దాచిన ఫైలు ఇచ్చింది. అందులో ఆ తేదీ కాగితాల మధ్య కంటి ఆసుపత్రి చీటీ ఒకటి కనబడింది. డిటెక్టివ్ దాన్ని జేబులో వేసుకున్నాడు.

తండ్రికి డ్రైవింగ్ స్కూలు ఉంది. వీళ్ళు వెళ్ళేసరికి ఆయన కారులో పక్కసీటున కూర్చుని, వణుకుతున్న ఓ పెద్దాయన చేత బండి నడిపిస్తున్నాడు. "తిన్నగా పోనీండి సార్, తిన్నగా పోనీండి" అంటున్నాడు. దిగాక, తన కూతురు మొదటి నుంచీ మొండిదని, పేపరువాళ్ళకీ అదే చెప్పానని అన్నాడు.

ఆ సాయంత్రం నలుగురినీ ఆఫీసుకు పిలిపించాడు డిటెక్టివ్.

"నూట తొమ్మిది మెసేజ్‌లలో నూట ఎనిమిదింటిలో దూరం నాటికల్ మైళ్ళలో ఉంది. పిన్నిగారు కెప్టెన్‌గారు రాసింది రాసినట్టే దించేవారు. ఒక్కదాంట్లోనే కిలోమీటర్లున్నాయి. అది రోడ్డు మీద బతికే మనిషి రాసింది." చీటీ తీసి పిన్ని ముందు పెట్టాడు. "ఆ పొద్దున మీ కళ్ళలో చుక్కలు వేశారమ్మా. మధ్యాహ్నం దాకా మీకు అక్షరం కనబడే వీల్లేదు. ఫోను ఎవరికిచ్చారు?"

పిన్ని, బావగారికి ఇచ్చానని, ఆయన తెలియక తప్పు కొట్టి ఉంటారనుకుని నింద తనమీద వేసుకున్నానని చెప్పింది.

"తెలియక కాదు. రేవులో ఆగితే ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టిన అతి చిన్న వయసు పిల్ల అన్న పేరు పోతుంది. ఆ తర్వాత మెసేజ్‌లు చెరిపేసింది కూడా ఆయనే," అన్నాడు డిటెక్టివ్.

తండ్రి, తుఫాను పక్కనుంచి పోతుందనుకున్నానని, అంచు తగిలినా పిల్ల తట్టుకుంటుందనుకున్నానని, అంతా దానికోసమేనని గొణిగాడు. కెప్టెన్ కుర్చీ వెనక్కి నెట్టి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పిచ్చుక ఏడవలేదు.

"నువ్వు లెక్క తప్పావంటే నమ్ముతాను నాన్నా. ఎవరైనా తప్పుతారు. కానీ ఆసుపత్రిలో నా పక్కనే కూర్చుని, నాకు అన్నం తినిపిస్తూ, మాట వినని పిల్లనని పేపరువాళ్ళకు చెప్పావే. నేను కూడా నమ్మాను. నాకే మతి తప్పిందేమోనని రోజూ ఈ పుస్తకం తీసి చూసుకునేదాన్ని."

ఆయన ఇంటికి పోదాం రమ్మని చెయ్యి చాపాడు. ఆమె పిన్ని పక్కకు జరిగింది.

"అన్ని రోజులు నీళ్ళ మీద ఒక్కదాన్నే ఉన్నా ఒంటరిగా అనిపించలేదు. అటు చివర నువ్వున్నావనుకున్నాను," అంది.

పిన్ని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. తండ్రి చాపిన చెయ్యి దించడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు.